ఓడలో తిన్న లజానియా నల్లగొండ వంటింట్లో వస్తుందా? షీట్లు, చీజ్, ఓటీజీలకు ఎన్ని మార్కులు

ముంబయి, చెన్నై, సింగపూర్ రేవుల్లో క్రూజ్ ఎక్కి వచ్చినవాళ్లు ఇంటికి చేరాక తలచుకునే వంటల్లో లజానియా ఒకటి. పలుచటి పాస్తా షీట్లు, కీమా సాస్, తెల్ల సాస్, చీజ్ పొరలుగా పేర్చి ఓవెన్‌లో బేక్ చేసే ఇటలీ వంట ఇది. పెద్ద ట్రేలోంచి చతురస్రంగా కోసి పళ్లెంలో పెడితే ఆ ముక్క ఒరగదు, జారదు. పక్కనుంచి చూస్తే పొరలు లెక్కపెట్టొచ్చు. అదే లజానియా ఇంట్లో మొదటిసారి చేస్తే కూరలో నానిన రొట్టెలా కూలబడి, పళ్లెం అంచుకు ఎర్రనీళ్లు పారుతాయి. ఓడ మీది వంటవాళ్ల దగ్గర మనకు తెలియని మసాలా ఏదో ఉందనుకుంటాం గానీ, ఉన్న తేడా అంతా నీళ్ల దగ్గరే: సాస్‌లో ఎంత నీరు మిగిలింది, ఓవెన్‌లో ఎంత ఆవిరైంది, కోసేలోపు ఎంత ఇంకింది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో దొరికే సరుకులతో ఆ ముక్క ఎంతవరకు వస్తుందో, ఏ సరుకు ఎంత పనికొస్తుందో ఈ లెక్కతోనే చూడాలి.

ముందు ఓడ సంగతి. ఓడ వంటశాల దాదాపు అంతా కరెంటు మీదే నడుస్తుంది. లజానియాను 53 సెం.మీ. పొడవు, 32.5 సెం.మీ. వెడల్పు ఉండే హోటల్ ట్రేల్లో పేర్చి, వేడిగాలి, ఆవిరి రెండూ ఇచ్చే కాంబీ ఓవెన్లలో బేక్ చేస్తారు. ఆవిరి ఉండబట్టి పై షీటు ఎండి అట్టముక్క కాదు. ట్రే అంత పెద్దది కాబట్టి ఎక్కువ ముక్కలు నడిమివే, అంచు ముక్కలు తక్కువ. ఇంట్లో 20 సెం.మీ. పాత్రలో చేస్తే ప్రతి ముక్కకూ ఒక అంచు వస్తుంది, అంచు తొందరగా ఎండుతుంది. అందుకే ఇంటి లజానియాకు తెల్ల సాస్ కొంచెం ఎక్కువ కావాలి. ఇంకో సంగతి: వందల మందికి వండే చోట లజానియాను ముందే బేక్ చేసి, చల్లార్చి, చల్లగా ఉన్నప్పుడే కోసి, వడ్డించే ముందు మళ్లీ వేడిచేసే పద్ధతి ఉంది. ఆ ముక్కల నిటారు అంచులు ఆ పద్ధతితోనే వస్తాయి.

ఇక సరుకులు. 20 × 20 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. లోతు ఉన్న పాత్రకు, ఆరు మంచి ముక్కలకు లెక్క ఇది: ఎండు లజానియా షీట్లు 230 గ్రాములు, అంటే 500 గ్రాముల ప్యాకెట్లో దాదాపు సగం. కీమా అర కిలో, టమాటలు కిలో, ఉల్లిగడ్డ 150 గ్రాములు, క్యారెట్ 75 గ్రాములు. పాలు 850 మిల్లీలీటర్లు, వెన్న 60 గ్రాములు, మైదా 60 గ్రాములు. మొజరెల్లా 200 గ్రాములు, గట్టి చీజ్ 60 గ్రాములు.

ప్యాకెట్ షీట్లకు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. కొనేముందు వెనక చూడండి: దినుసుల్లో డ్యూరం గోధుమ రవ్వ ఒక్కటే ఉంటే మంచిది. మైదా కలిసిన షీట్లు సాస్ తాగి ముద్దవుతాయి. రెండు రకాలొస్తాయి, ఉడికించాల్సినవి, ఉడికించకుండా పేర్చేవి. రెండో రకం తనకు కావలసిన నీళ్లను సాస్‌లోంచే లాక్కుంటుంది. మన కీమా సాస్ గట్టిగా ఉంటే (ఉండాలి కూడా) మూలల్లో షీటు సుద్దముక్కలా పచ్చిగా మిగిలిపోతుంది. ప్యాకెట్ మీద ఏం రాసున్నా సరే, ఆ రకాన్ని కూడా మరిగే ఉప్పునీళ్లలో 2 నిమిషాలు వేసి తీయండి. మొదటి రకాన్ని ప్యాకెట్ చెప్పిన సమయానికి 2 నిమిషాల ముందే దించేయాలి, మిగిలింది ఓవెన్‌లో ఉడుకుతుంది. మూడు లీటర్ల నీళ్లకు 30 గ్రాముల ఉప్పు చాలు. నీళ్లలో నూనె పోస్తే షీట్లు అంటుకోవంటారు గానీ, నూనె పైన తేలుతుంది, షీట్లు అడుగున అంటుకుంటాయి. నాలుగైదు షీట్ల చొప్పున వేసి, జల్లిగంటెతో కదుపుతూ ఉండి, తీసినవాటిని తడిగుడ్డ మీద ఒక్కొక్కటిగా పరచాలి. ఒకదాని మీద ఒకటి పెట్టారా, మళ్లీ విడవవు.

నల్లగొండ జిల్లావాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. షీట్లు ఉడికించడానికి ఫ్లోరైడ్ ఉండే బోరు నీళ్లు వాడొద్దు. పిండి ఆ నీళ్లను తాగుతుంది, ఫ్లోరైడ్ మరిగించినా పోదు. ఇంట్లో తాగే నీళ్లు ఏవైతే అవే వాడండి.

ప్యాకెట్ విప్పితే నాలుగైదు షీట్లు విరిగి ఉండటం మామూలే. వాటిని పారేయకుండా నడిమి పొరల్లో సందులకు వాడుకోండి. షీట్లు దొరకని ఊళ్లో, అంటే దేవరకొండ, నాగర్‌కర్నూల్ లాంటి చోట్ల, ఇంట్లోనే చేసుకోవచ్చు. 200 గ్రాముల మైదాకు రెండు కోడిగుడ్లు, నీళ్లు వద్దు. పది నిమిషాలు గట్టిగా పిసికి అరగంట మూతపెట్టాలి. పూరీ మందంలో సగానికి, కింద పెట్టిన చెయ్యి నీడలా కనపడేంత పలుచగా ఒత్తి, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి తీయాలి. ప్యాకెట్ షీటు కంటే ఇదే మెత్తగా వస్తుంది. మందంగా ఒత్తితే మాత్రం చపాతీ తిన్నట్టే ఉంటుంది. బొంబాయి రవ్వతో ప్రయత్నించొద్దు, అది సాగదు, ఒత్తుతుంటేనే చిట్లుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తేడా కనపడేది కీమా సాస్‌లో. ఇటలీలో దీన్ని రాగూ అంటారు. 1982లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు చేసిన పద్ధతిలో బీఫ్, ఉప్పు పట్టించిన పంది మాంసం, ఉల్లిగడ్డ, క్యారెట్, సెలరీ (వాసనకు వేసే కాడల ఆకుకూర), టమాట, వైన్, పాలు ఉంటాయి. ఎల్లిగడ్డ లేదు. మన దగ్గర సులువుగా దొరికేది మటన్ కీమా, అది ఈ పనికి బాగా ఒదుగుతుంది. రెండు షరతులు. గొర్రె కొవ్వు 45 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికే గడ్డకడుతుంది, నోటి వేడికి కరగదు. లజానియా కాస్త చల్లారగానే అంగిట్లో మైనం పూసినట్టుంటుంది. కాబట్టి దుకాణంలో, “తొడ కూర ఇయ్యన్నా, కొవ్వు తీసెయ్యి, ముక్కలు కడిగినంక మిషన్ల ఒక్కసారే తిప్పు” అని చెప్పండి. ఆ కడిగే మాటే రెండో షరతు. ఇంటికి తెచ్చిన కీమాను కడిగి జల్లెడలో వేయడం మనకు అలవాటు. కడిగిన కీమా ఎంత పిండినా నీళ్లు పట్టుకునే ఉంటుంది. ఆ నీళ్లలో మాంసం ఉడుకుతుందే గానీ వేగదు. వేగకపోతే ఓడ మీది ఆ ఎర్రగా వేగిన రుచి ఎంత వండినా రాదు.

అడుగు మందంగా ఉన్న గంజులో రెండు చెంచాల నూనె బాగా కాగాక కీమాను రెండు విడతలుగా వేయించాలి. వేసిన వెంటనే కలపకండి, రెండు నిమిషాలు అలాగే వదిలేయండి. మొదట నీరు దిగి బుడబుడ మంటుంది. ఆ నీరు ఇగిరిపోయాక చప్పుడు మారి చిటపట మొదలవుతుంది, అడుగున ఇటుకరంగు పొర పడుతుంది. ఆ పొర కోసమే ఇదంతా. దాన్ని గీకి తీసి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, క్యారెట్ వేసి మెత్తబడేదాకా సన్నసెగ మీద మగ్గించాలి. తర్వాత 100 మిల్లీలీటర్ల పాలు పోసి అవి పూర్తిగా ఇగిరేదాకా ఆగాలి. పాలతో మాంసం మెత్తబడుతుంది, టమాట పులుపు కూడా తగ్గుతుంది. సెలరీ దొరక్కపోతే మానేయండి, కొత్తిమీర మాత్రం వేయొద్దు. వేస్తే ఇల్లంతా కీమా కూర వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత చీజ్ వేసినా అది పోదు. బిర్యానీ ఆకు కూడా వద్దు, ఇటలీవాళ్ల బే ఆకు వేరే చెట్టుది, మన ఆకుది దాల్చినచెక్క వాసన.

మార్కెట్లో దొరికే హైబ్రిడ్ టమాటలు కూరకు, పచ్చడికి బాగుంటాయి. ఈ సాస్‌కు వాటిలో నీళ్లెక్కువ, పులుపెక్కువ. కిలో టమాటలను నిమిషం సేపు మరిగే నీళ్లలో వేసి తోలు తీసి, గింజలు వడగట్టి, విడిగా మరో గిన్నెలో 400 గ్రాములకు దిగేదాకా ఉడికించాకే కీమాలో కలపాలి. చెంచాడు చక్కెర వేయడం తప్పు కాదు. టమాటలు మండిపోయే రోజుల్లో 200 గ్రాముల ప్యూరీ ప్యాకెట్లు రెండు వాడినా పనవుతుంది, దీనికి నాలుగు మార్కులు. కెచప్ వేయొద్దు, అందులో వెనిగర్, చక్కెర, మసాలా ముందే ఉంటాయి. ఇప్పుడు ఒక గ్లాసు వేడినీళ్లు, ఒకటిన్నర చెంచాల ఉప్పు, అర చెంచా మిరియాల పొడి వేసి, మూత ఓరగా పెట్టి, గంటన్నర సన్నసెగ. అయిందా లేదా అని తెలుసుకోవడానికి గంటెతో గంజు అడుగున గీత గీయండి. ఆ గీత మూడు సెకన్లు మూసుకోకుండా నిలవాలి. ఒక చెంచాడు పళ్లెంలో వేసి వంచితే ఎర్రనీరు విడిగా పారకూడదు. పారితే ఇంకో పది నిమిషాలు. చివరికి 750 గ్రాములు, మహా అయితే 800 గ్రాముల సాస్ మిగలాలి.

ఒరెగానో, అంటే పిజ్జా మీద చల్లే ఎండుటాకు, వేయాలనుకుంటే జాగ్రత్త. పిజ్జాతో వచ్చే చిన్న సాచెట్లు అచ్చంగా ఒరెగానో కావు, ఉప్పు, ఎల్లిగడ్డ పొడి, మిరప గింజలు కలిపిన మిశ్రమం. అవే వాడితే ఉప్పు తగ్గించండి. ఇటలీ వంటల్లో వాడే బేసిల్ ఆకు బదులు తులసి వేస్తే లవంగం ఘాటు వస్తుంది, కషాయంలా ఉంటుంది. ఇంతకంటే మంచి దారి మన ఇళ్లలోనే ఉంది: రంజాన్ షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు బేసిల్ జాతి మొక్కవే. చెంచాడు గింజలు కుండీలో చల్లి మట్టి తడిగా ఉంచితే మొలుస్తాయి. నెలన్నరకు ఆకు కోసుకోవచ్చు. ఇటలీ రకమంత తియ్యటి వాసన రాదు, కొంచెం సోంపు ఛాయ ఉంటుంది. అయినా తులసి కంటే ఎంతో దగ్గర. ఆరేడు ఆకులు తుంచి సాస్ దించే ముందు వేయండి.

తెల్ల సాస్‌కు 60 గ్రాముల వెన్న కరిగించి, 60 గ్రాముల మైదా వేసి, సన్నసెగ మీద రెండు నిమిషాలు రంగు మారకుండా వేయించాలి. పచ్చిపిండి వాసన పోయి బిస్కెట్ వాసన మొదలవగానే, మిగిలిన 750 మిల్లీలీటర్ల పాలను మూడు విడతలుగా పోస్తూ విస్క్‌తో తిప్పాలి. మొదటి విడత పూర్తిగా కలిసి ముద్దయ్యాకే రెండోది పోయాలి. అన్నీ ఒకేసారి పోస్తే కట్టే ఉండలు తర్వాత ఎంత గిలక్కొట్టినా లోపల పొడిపిండిగానే ఉంటాయి. జాజికాయ చిటికెడు, తురిమి వేయండి, పొడి డబ్బాలోది వద్దు. దోసెపిండి జారుడు వచ్చాక దించాలి. ఆరు శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాలు, ఇంటి బర్రె పాలు అయితే వెన్నను 45 గ్రాములకు తగ్గించండి, లేకుంటే బేక్ అయ్యాక పైన నూనె తేలుతుంది. ప్యాకెట్ టేబుల్ వెన్నలో ఉప్పుంటుంది, కాబట్టి చివర్లో రుచి చూశాకే ఉప్పు వేయండి.

చీజ్ దగ్గర డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఎక్కువ. మొజరెల్లా అని తెచ్చుకున్నది మొజరెల్లానేనా అని వెనక దినుసులు చదవండి. పాలు, ఉప్పు, కల్చర్, ఎంజైమ్ ఉంటే అది చీజ్. వెజిటబుల్ ఫ్యాటో పామాయిలో కనపడితే అది అనలాగ్, చీజ్‌లాగా చేసిన వేరే సరుకు. అది వేడికి నూనె కక్కుతుంది, చల్లారితే రబ్బరవుతుంది. బేకరీ సామాన్ల దుకాణాల్లో కిలో ప్యాకెట్లలో రెండు రకాలూ ఉంటాయి, చవకగా ఉన్నదాన్ని రెండోసారి చదవండి. తురిమిన చీజ్ కంటే 200 గ్రాముల దిమ్మ మేలు. తురుము అంటుకోకుండా దానికి పిండి పూస్తారు, ఆ పిండి కరగడాన్ని అడ్డుకుంటుంది. గడ్డకట్టిన దిమ్మను ముందురోజే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చుకోండి. బయటపెట్టి తొందరగా కరిగిస్తే పొడిపొడిగా రాలుతుంది, నీళ్లూ వదులుతుంది. హైదరాబాద్ నుంచి తెచ్చుకునేవాళ్లకు నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా వంద కిలోమీటర్ల దారి. ఎండాకాలం బస్సులో థర్మోకోల్ డబ్బా, ఐస్ ప్యాక్ లేకుండా తేవొద్దు.

సరుకుల్లో చెప్పిన గట్టి చీజ్‌కు పార్మెజాన్ దొరికితే 60 గ్రాములు సరిపోతుంది. దొరక్కపోతే ఏ కిరాణాలోనైనా ఉండే ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు రెండు తురిమి వేడి తెల్ల సాస్‌లోనే కరిగించండి. అది పైన చల్లితే ఎర్రబడకుండా ప్లాస్టిక్ పొరలా మెరుస్తుంది, సాస్‌లో కలిస్తే మాత్రం ఉప్పదనం, కమ్మదనం రెండూ ఇస్తుంది. దీనికి మూడు మార్కులు.

పేర్చే తీరు: పాత్రకు వెన్న రాసి, అడుగున రెండు చెంచాల తెల్ల సాస్. షీటు పొరలు ఐదు, వాటి మధ్య కీమా పొరలు నాలుగు, ఒక్కోటి 190 గ్రాములు. ప్రతి కీమా పొర మీద రెండు గరిటెల తెల్ల సాస్, గుప్పెడు మొజరెల్లా. ఒక పొర షీట్లు నిలువుగా, తర్వాతి పొర అడ్డంగా పెడితే ముక్క కోసినప్పుడు విడిపోదు. పైన మిగిలిన తెల్ల సాస్ మొత్తం అంచుదాకా పరిచి, మిగిలిన చీజ్ చల్లండి. ఏ షీటు కొన బయటికి కనపడినా అది అప్పడంలా విరుగుతుంది.

పాత్ర గాజుదో, పింగాణీదో, స్టీలుదో కావాలి. అల్యూమినియం కేకు టిన్నులో టమాట పులుపు లోహాన్ని తింటుంది, సాస్‌కు రాగిపైసా నాకినట్టు రుచి వస్తుంది, టిన్నుకు గుంటలు పడతాయి. పైన కప్పే ఫాయిల్ కూడా అంతే, చీజ్‌కు తగలకుండా డేరాలా ఎత్తి కప్పండి.

ఓటీజీల్లో, అంటే కరెంటు రాడ్లతో వేడెక్కే చిన్న ఇంటి ఓవెన్లలో, 28 లీటర్లదానికి నాలుగు మార్కులు, 16 లీటర్లదానికి రెండున్నర. చిన్నదాంట్లో పై రాడ్ చీజ్‌కు మరీ దగ్గరగా ఉంటుంది. నడిమధ్య వేడెక్కేలోపే పైన మాడిపోతుంది. చిన్నదే ఉంటే కింది అరలో పెట్టి, పాత్రలో మూడు పొరలకే ఆపండి. 1500 వాట్ల ఓటీజీ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో పెడితే ప్లగ్గు కరుగుతుంది. ఫ్రిజ్‌కో ఏసీకో ఇచ్చే 16 ఆంపియర్ల పాయింట్ వాడండి. ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోతే దాని దెబ్బ కూడా ఉంటుంది. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి 230 వోల్టులు 200కు దిగితే 1600 వాట్ల ఓటీజీ 1200 వాట్ల పనే చేస్తుంది. 45 నిమిషాలకు అయ్యేది గంట దాటుతుంది. మధ్యాహ్నం బేక్ చేసుకోవడం మేలు. నాబ్ మీది అంకెను నమ్మొద్దు, 15 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే అన్ని వంటలకూ పనికొస్తుంది.

పావుగంట ముందే వేడిచేసిన ఓటీజీలో 180 డిగ్రీల దగ్గర, రెండు రాడ్లతో, ఫాయిల్ కప్పి అరగంట. ఓడ మీది కాంబీ ఓవెన్ ఇచ్చే ఆవిరి పని ఇక్కడ ఫాయిల్ చేస్తుంది. తర్వాత ఫాయిల్ తీసి 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, పైన ఎర్రటి మచ్చలు పడేదాకా. నడిమధ్య కత్తిమొన దించి పది సెకన్లు ఆగి తీయండి, మొన చురుక్కుమనాలి. షీట్లలో ఎక్కడా కత్తి ఆగకూడదు. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్‌లో ఇవే డిగ్రీలు సరిపోతాయి, కాకపోతే స్టీలు పాత్రనూ, ఫాయిల్‌నూ కన్వెక్షన్ మోడ్‌లో తప్ప పెట్టొద్దు. ఏదీ లేనివాళ్లు మందపాటి గంజులో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో గంట సన్నసెగ మీద ఉంచితే లోపల బాగానే ఉడుకుతుంది, పైన మాత్రం తెల్లగానే ఉంటుంది.

మాంసం తిననివాళ్లకు అర కిలో పాలకూర, 250 గ్రాముల పనీర్. పాలకూరను నిమిషం ఉడికించి, గుడ్డలో మూటగట్టి, చుక్క రాలనంతగా పిండాలి. పనీర్‌ను చిదిమి, రెండు చెంచాల మీగడ కలపాలి. టమాట సాస్ మామూలుగానే. ఇది కీమాదానికి ఏమాత్రం తీసిపోదు.

ఓవెన్‌లోంచి తీసిన వెంటనే కోయడం అందరూ చేసే పొరపాటు. అప్పుడు తెల్ల సాస్ ఇంకా ద్రవమే, పొరలన్నీ జారతాయి. కనీసం 25 నిమిషాలు కదపకుండా వదిలేయాలి. ఓడ మీది ముక్కే కావాలంటే రెండు గంటల్లోపు చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు రంపపు పళ్ల కత్తితో ఆరు ముక్కలు కోయండి. ముక్కలను విడివిడిగా స్టీలు పళ్లెంలో పెట్టి, పళ్లెం అడుగున రెండు చెంచాల పాలు పోసి, ఫాయిల్ కప్పి, 165 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు పాత్రను మాత్రం నేరుగా వేడి ఓటీజీలో పెట్టొద్దు, పగులుతుంది. మిగిలిన ముక్కలు ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. ఫ్రీజర్‌లో పెట్టేటట్టయితే ఒక్కో ముక్కనూ గట్టిగా చుట్టిపెట్టండి, తినే ముందురోజు ఫ్రిజ్‌లోకి దించి, వేడిచేసేటప్పుడు పళ్లెంలో పాలు మరో చెంచా ఎక్కువ పోయండి.